శూన్య నిరోధం – 7: మలినం నిలబెట్టిన అయస్కాంతం

కిందటి భాగంలో మనం లైడెన్‌లో ఆగాం. 1908 జులై 10న కామెర్లింగ్ ఓన్స్ అక్కడ హీలియం వాయువును ద్రవంగా మార్చాడు. 1911 ఏప్రిల్‌లో ఆ ప్రయోగశాలలోనే పాదరసం 4.2 కెల్విన్‌ల దగ్గర, అంటే దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర, విద్యుత్ నిరోధాన్ని ఒక్కసారిగా పోగొట్టుకుంది. కొలతలు తీసిన గిలెస్ హోల్‌స్ట్ పేరు పరిశోధన పత్రాల మీదికి ఎక్కలేదు. 1913లో నోబెల్ ఓన్స్‌ను వరించింది. ఆ తర్వాత కూడా చాలాకాలం ద్రవ హీలియం లైడెన్ సొత్తుగానే ఉండిపోయింది. 1923లో టొరంటో, 1925లో బెర్లిన్ ఆ గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టేదాకా ఈ రంగంలో పోటీ అన్నదే లేదు.

అప్పటిదాకా లోకానికి తెలిసింది ఒక్కటే. అతివాహకం అంటే కరెంటును ఏమాత్రం అడ్డుకోని లోహం. దానికి ఇంకో గుణం ఉందనీ, మొదటిదానికన్నా అదే లోతైనదనీ తెలియడానికి 22 ఏళ్లు పట్టింది. ఆ రెండో గుణం అయస్కాంతాన్ని గాలిలో లేపింది. అయితే లేపినదాన్ని కదలకుండా పట్టి నిలిపింది మాత్రం శాస్త్రవేత్తలు మలినమని పక్కన పెట్టిన పదార్థం. ఈ భాగం కథ అదే. బెర్లిన్‌లో మొదలై ఖార్కివ్, మాస్కో, హ్యూస్టన్ మీదుగా బెంగళూరు చేరుతుంది. అక్కడినుంచి పావగడ తాలూకా బలసముద్రం పొలాల దాకా వస్తుంది.

పాత ఆశ, కొత్త అడ్డు

అయస్కాంతంతో వస్తువును గాలిలో నిలపాలన్న ఆశ ఈనాటిది కాదు. సోమనాథ ఆలయంలో విగ్రహం పైనా కిందా ఏ ఊతమూ లేకుండా నడిమధ్య నిలిచి ఉండేదనీ, దాని వెనక అయస్కాంత శిలల మహిమ ఉందనీ 13వ శతాబ్దపు రచయిత జకరియా అల్ ఖజ్వీనీ రాశాడు. అంతకు చాలా ముందే రోమన్ రచయిత ప్లినీ ఇలాంటి కథే అలెగ్జాండ్రియా గురించి చెప్పాడు. అక్కడి రాణి ఆర్సినోయీ గుడి కప్పును అయస్కాంత శిలలతో కట్టి ఇనుప విగ్రహాన్ని గాలిలో వేలాడదీయాలని ఒక శిల్పి పూనుకున్నాడట. పని పూర్తికాకముందే చనిపోయాడట.

ఈ ఆశలన్నిటికీ 1842లో ఇంగ్లండ్‌కు చెందిన శామ్యూల్ ఎర్న్‌షా గణితంతో అడ్డుకట్ట వేశాడు. కదలని అయస్కాంతాలను ఎన్ని రకాలుగా పేర్చినా వాటి మధ్య మరో అయస్కాంతం నిలకడగా తేలి ఉండలేదని ఆయన సూత్రం తేల్చింది. ఒక దిక్కున పట్టు చిక్కితే ఇంకో దిక్కున జారిపోతుంది. బడిలో రెండు అయస్కాంతాల ఒకే ధ్రువాలను ఎదురెదురుగా పెట్టి ఆడిన పిల్లలందరికీ ఇది అనుభవమే. పైనున్నది తేలదు. పక్కకు జారుతుంది, గిర్రున తిరగబడుతుంది, టక్కున అతుక్కుంటుంది.

ఎర్న్‌షా లెక్కకు లొంగని పదార్థం ఒకటుందని 91 ఏళ్ల తర్వాత బయటపడింది.

బెర్లిన్, 1933

బెర్లిన్ షార్లొటెన్‌బర్గ్‌లో జర్మన్ ప్రభుత్వపు కొలమానాల సంస్థ ఉండేది. దేశంలో వాడే కొలత పరికరాలకు ప్రమాణాలు నిర్ణయించి సరిచూడటం దాని పని. అందులో అతిశీతల విభాగాన్ని నడిపినవాడు వాల్టర్ మైస్నర్. సాధనాలను ఓపిగ్గా తీర్చిదిద్దుకునే మనిషి. 1933లో ఆయన, సహచరుడు రాబర్ట్ ఓక్సెన్‌ఫెల్డ్ కలిసి చూడటానికి చాలా చిన్నదనిపించే ఒక ప్రశ్న వేసుకున్నారు. తగరపు కడ్డీని అయస్కాంత క్షేత్రంలో ఉంచి చల్లబరిస్తే, దాని చుట్టూ ఉన్న క్షేత్రం ఏమవుతుంది?

అప్పటి అవగాహన ప్రకారం ఏమీ కాకూడదు. నిరోధం పూర్తిగా పోయిన లోహంలో క్షేత్రం ఉన్నది ఉన్నట్టు చిక్కుకుపోవాలి. కానీ ఉష్ణోగ్రత 3.7 కెల్విన్‌ల కిందికి దిగగానే కడ్డీ పక్కన కొలిచిన క్షేత్రం పెరిగింది. లోపలున్న బలరేఖలు బయటికి నెట్టుకొచ్చాయి. అతివాహకం తన ఒంట్లో అయస్కాంతత్వాన్ని ఉండనివ్వలేదు.

అది ఎలా సాధ్యమో 1935లో ఫ్రిట్జ్ లండన్, హైంజ్ లండన్ అనే అన్నదమ్ములు సమీకరణాల్లో పెట్టారు. క్షేత్రం దగ్గరికి రాగానే అతివాహకం పైపొరలో కరెంటు పుడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా ఉండకపోవచ్చు. ఆ కరెంటు పుట్టించే క్షేత్రం బయటి క్షేత్రానికి సరిగ్గా ఎదురుగా నిలిచి లోపల దాన్ని సున్నా చేస్తుంది. మామూలు రాగిలోనైతే అలాంటి కరెంటు కన్నుమూసి తెరిచేలోగా వేడిగా మారి చచ్చిపోతుంది. అతివాహకంలో నిరోధం లేదు కాబట్టి అది ఆగదు. అయస్కాంతం కొంచెం కిందికి దిగితే కరెంటు పెరుగుతుంది, పైకి లేస్తే తగ్గుతుంది. ఎదుటి అయస్కాంతం కదలికను బట్టి క్షణక్షణం సర్దుకునే ఈ గుణం వల్లే ఎర్న్‌షా పెట్టిన అడ్డు దీనికి వర్తించదు.

ఈ ఆవిష్కరణ వెలువడిన ఏడాదే జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. ఏప్రిల్‌లో వచ్చిన చట్టం యూదు ఉద్యోగులను ప్రభుత్వ కొలువుల నుంచి వెళ్లగొట్టింది. లండన్ సోదరులు, ఫ్రాంజ్ సైమన్, కుర్ట్ మెండెల్‌సన్ వంటివాళ్లు ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ చేరారు. ప్రయోగం బెర్లిన్‌లో జరిగింది, దానికి అర్థం చెప్పినవాళ్లు ప్రవాసంలో ఉన్నారు. అతిశీతల భౌతికశాస్త్రం చిరునామా ఒక్క చట్టంతో మారిపోయింది.

ఖార్కివ్: శుద్ధికీ మలినానికీ తగవు

ఆ రోజుల్లో అతివాహకాల మీద పనిచేసేవాళ్లందరికీ ఒక పట్టింపు ఉండేది. లోహం ఎంత శుద్ధంగా ఉంటే ఫలితం అంత నమ్మదగింది. శుద్ధమైన తగరం, సీసం, పాదరసం మైస్నర్ చెప్పినట్టే ప్రవర్తించాయి. రెండు లోహాలు కలిపిన మిశ్రమాలు మాత్రం మాట వినలేదు. లైడెన్‌లో డి హాస్, వూగ్ద్ 1930లో సీసం, బిస్మత్ మిశ్రమాన్ని పరీక్షిస్తే, శుద్ధ సీసం ఎప్పుడో చేతులెత్తేసే బలమైన క్షేత్రంలోనూ అది అతివాహకంగానే నిలిచింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. మిశ్రమం అంతటా ఒకేలా ఉండదు, లోపల స్పంజిలా సన్నని దారాల అల్లిక ఉంటుంది, వింత ప్రవర్తనకు అదే కారణం అని ఆక్స్‌ఫర్డ్‌లో మెండెల్‌సన్ వివరించాడు. చాలామందికి ఆ వివరణ నచ్చింది. మిశ్రమలోహాలు మలినాల కుప్ప, వాటిలో కొత్త సత్యమేదీ లేదు అన్న అభిప్రాయం పాతుకుపోయింది.

దాన్ని ఒప్పుకోనివాడు లెవ్ షుబ్నికోవ్. 1901లో పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. లైడెన్‌లో డి హాస్ దగ్గర నాలుగేళ్లు పనిచేసి, స్ఫటికాలను మచ్చలేకుండా పెంచడంలో ఆరితేరాడు. 1930లో భార్య ఓల్గా ట్రాపెజ్నికోవాతో కలిసి సోవియట్ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌కు వచ్చాడు. ఓల్గా కూడా భౌతిక శాస్త్రవేత్తే. అక్కడి పరిశోధన సంస్థలో అతిశీతల ప్రయోగశాలను నిలబెట్టింది ఆయనే. సిద్ధాంత భౌతిక శాస్త్రవేత్త లెవ్ లాండౌ కూడా 1932లో అక్కడికే వచ్చాడు. 1932–33లో ఉక్రెయిన్ పల్లెలు ఘోరమైన కరువులో అల్లాడాయి. గోడకు అవతల తిండిలేక మనుషులు రాలిపోతున్న ఏళ్లలోనే గోడకు ఇవతల భూమ్మీద అతి తక్కువ ఉష్ణోగ్రతలకు సాధనాలు సిద్ధమయ్యాయి.

షుబ్నికోవ్ చేసిన పని సూటిగా ఉంటుంది. మిశ్రమం అంతటా ఒకేలా లేదన్నది కదా అభ్యంతరం? అయితే అంతటా ఒకేలా ఉండే మిశ్రమాన్ని తయారుచేద్దాం అనుకున్నాడు. సీసం, థాలియంలతో ఏకస్ఫటికాలు పెంచాడు. అప్పుడూ అదే ఫలితం. క్షేత్రం ఒక హద్దు దాటగానే స్ఫటికంలోకి చొరబడటం మొదలుపెట్టింది, కానీ అతివాహకత పోలేదు. అంతకన్నా ఎంతో ఎక్కువైన రెండో హద్దు దాటాకే పోయింది. ఆ రెండు హద్దుల నడుమ అయస్కాంతత్వమూ అతివాహకతా ఒకే పదార్థంలో కలిసి ఉంటున్నాయి. ఇది లోపమున్న పదార్థపు తికమక కాదు, అతివాహకాల్లో రెండో జాతి.

ఆ ఫలితాలు 1936, 1937లో అచ్చయ్యాయి. 1937 ఆగస్టులో స్టాలిన్ పోలీసులు షుబ్నికోవ్‌ను అరెస్టు చేశారు. నవంబర్ 10న కాల్చిచంపారు. ఆయనకు అప్పటికి 36 ఏళ్లు. ఆయన పత్రాలను పడమటి దేశాల్లో పట్టించుకున్నవాళ్లు లేరు. మిశ్రమాల సత్యం మరో ఇరవై ఏళ్లు మరుగున పడింది.

సీసపు గిన్నె, కరెంటు సుడులు

గాలిలో తేలిన తొలి అయస్కాంతం గురించి ప్రపంచానికి చెప్పింది మాస్కో. 1945లో వ్లాదిమిర్ అర్కాద్యేవ్ తన ప్రయోగాన్ని ప్రచురించాడు. ద్రవ హీలియంతో చల్లబరిచిన సీసం మీద చిన్న అయస్కాంతం ఏ ఊతమూ లేకుండా తేలింది. 1947లో అది బ్రిటన్ పత్రిక నేచర్‌లోనూ వచ్చింది. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపించే బొమ్మకు మూలం ఇదే.

ఆ బొమ్మలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సీసం బల్లపరుపుగా లేదు. గిన్నెలా గుంటగా ఉంది. శుద్ధమైన సీసానికి నెట్టడం ఒక్కటే తెలుసు. పట్టుకోవడం తెలియదు. బల్లపరుపు పలక మీద అయస్కాంతం పైకైతే లేస్తుంది గానీ ఏ పక్కకో జారి పడిపోతుంది. గిన్నె అంచులు అన్ని వైపులనుంచీ నెడితేనే అది మధ్యలో కుదురుకుంటుంది. అంటే ఎత్తింది అతివాహకమే అయినా నిలిపింది గిన్నె ఆకారం.

గిన్నె అక్కర్లేకుండా తేలడం ఎలాగో చెప్పే సిద్ధాంతం కూడా మాస్కోలోనే పుట్టింది. లాండౌ శిష్యుడు అలెక్సీ అబ్రికోసోవ్ 1953లో షుబ్నికోవ్ మిశ్రమాల లెక్క కట్టాడు. క్షేత్రం లోపలికి వస్తే గుంపుగా రాదు, సన్నని దారాలుగా విడిపోయి వస్తుందని తేలింది. ఒక్కొక్క దారం చుట్టూ కరెంటు సుడి తిరుగుతుంటుంది. సుడి మధ్యలో అతివాహకత ఉండదు. ప్రతి దారంలోనూ అయస్కాంత ప్రవాహం ఒకే పరిమాణం, ప్రకృతి నిర్ణయించిన పరిమాణం. గురువు లాండౌకు ఇది నచ్చలేదు. అబ్రికోసోవ్ లెక్కలు సొరుగులోకి వెళ్లాయి. ద్రవ హీలియంలో సుడుల గురించి అమెరికాలో రిచర్డ్ ఫైన్‌మన్ రాసినది మాస్కో చేరాకే గురువు మెత్తబడ్డాడు. పత్రం 1957లో వచ్చింది. అబ్రికోసోవ్‌కు నోబెల్ 2003లో దక్కింది.

ఇక్కడే మలినం తన అసలు పని చూపిస్తుంది. ఏ లోపమూ లేని స్ఫటికంలో ఈ దారాలు నిలవవు, కొంచెం ఒత్తిడికే అటూ ఇటూ జరుగుతాయి. ప్రతి దారం తన మధ్యభాగంలో అతివాహకతను చంపుకోవాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. స్ఫటికంలో ఎక్కడైనా ముందే అతివాహకత లేని చోటు ఉంటే, అంటే చిన్న పగులో, అమరిక తప్పిన పరమాణువుల వరసో, వేరే పదార్థపు రేణువో ఉంటే, అక్కడ ఆ ఖర్చు తప్పుతుంది. అందుకే దారం ఆ చోటును వదిలి రాదు. మేతకు తోలిన ఆవును గుంజకు కట్టేసినట్టు ఉంటుంది దాని పని.

దారాలన్నీ ఇలా కట్టుబడిపోతే అతివాహకానికి నెట్టడంతోపాటు పట్టుకోవడమూ వస్తుంది. అయస్కాంతాన్ని పక్కకు లాగితే వెనక్కి తెచ్చుకుంటుంది. కిందికి నొక్కితే పైకి తోస్తుంది, పైకి లాగితే కిందికి గుంజుతుంది. తలకిందులు చేసినా వదలదు, అయస్కాంతం కింద గాలిలో వేలాడుతుంది. గిన్నె అక్కర్లేదు.

1961లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కుంజ్లర్ బృందం నియోబియం, తగరం సమ్మేళనంతో తీగ చేసి 8.8 టెస్లాల క్షేత్రంలోనూ అది భారీ కరెంటు మోయగలదని చూపింది. సుడుల్ని కదలనీయని పదార్థమే అంత కరెంటును మోయగలదు. అనంతపురం, తుమకూరు, బెంగళూరు ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ స్కానింగ్‌కు పడుకునేవాళ్ల చుట్టూ ఉండే అయస్కాంతం ఈ వంశానిదే. నియోబియం, టైటానియం తీగ చుట్ట ద్రవ హీలియం చలిలో పనిచేస్తుంటుంది.

నల్లది ఏది, పచ్చది ఏది

ద్రవ హీలియం ఖరీదైనది, దొరకడం కష్టం. అందుకే తేలే అయస్కాంతం నలభై ఏళ్లు కొద్దిపాటి ప్రయోగశాలలు దాటి రాలేదు. 1986లో ఆ గోడకు బీటపడింది. స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ లోహాలను వదిలి లాంథనం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడును పరీక్షించారు. కుండపెంకులాంటి పెళుసు పదార్థం అది. 30 కెల్విన్‌లు దాటాక కూడా దానిలో అతివాహకత జాడలు కనిపించాయి. నిరోధం పడిపోయిందన్న ఒక్క మాటతో లోకం నమ్మలేదు. ఆ ఏడాది చివర్లో టోక్యోలో షోజీ తనాకా బృందం మైస్నర్ గుణాన్ని కొలిచి చూపాకే పరుగు మొదలైంది.

1987 జనవరి చివర్లో అలబామా విశ్వవిద్యాలయంలో మావ్ క్వెన్ వూ బృందం, హ్యూస్టన్‌లో పాల్ చూ బృందం కలిసి లాంథనం స్థానంలో యిట్రియం పెట్టాయి. 93 కెల్విన్‌ల దగ్గరే నిరోధం పడిపోయింది. ఆ సంఖ్యకు అంత విలువ ఎందుకంటే ద్రవ నత్రజని 77 కెల్విన్‌ల దగ్గర మరుగుతుంది. పల్లెటూరి వాళ్లకు ద్రవ నత్రజని కొత్తది కాదు. ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసే పశువైద్య సిబ్బంది వీర్యపు గొట్టాలను భద్రపరచేది దానిలోనే. మూత తీస్తే తెల్లటి పొగ కక్కే ఆ డబ్బా బలసముద్రం లాంటి ఊళ్లలోనూ పరిచయమే. అప్పటిదాకా కొద్దిమంది చేతిలో ఉన్న అతివాహకత ఆ డబ్బా అందుబాటులోకి వచ్చింది.

పోటీ ఎంత ముదిరిందంటే, చూ పంపిన రాతప్రతిలో యిట్రియం గుర్తుకు బదులు యిటెర్బియం గుర్తు ఉంది. అచ్చుకు ముందు దిద్దారు. టైపులో దొర్లిన పొరపాటని చూ చెప్పాడు. ఈలోగా పుకారు విన్నవాళ్లు యిటెర్బియం కోసం పరుగెత్తారు. 1987 మార్చి 18న న్యూయార్క్ హిల్టన్ హోటల్లో జరిగిన భౌతిక శాస్త్రవేత్తల సభ మర్నాడు తెల్లవారుజామున మూడు దాటేదాకా నడిచింది. హాలు కిక్కిరిసిపోయి చాలామంది బయట తెరల ముందు నిలబడి విన్నారు.

అసలు చిక్కు ఇంకోటుంది. హ్యూస్టన్ ముద్దలో ఒకటి కాదు, రెండు పదార్థాలున్నాయి. కొంత నలుపు, కొంత ఆకుపచ్చ. అతివాహకం ఏది? దానిలో ఏ మూలకం ఎంత పాలు? ఈ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలని పోటీపడిన చోట్లలో బెంగళూరు ఒకటి.

బెంగళూరు

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 1909లో ఏర్పడింది. 1957 నుంచి 1962 దాకా దానికి డైరెక్టర్‌గా ఉన్నవారు మన సూరి భగవంతం. స్ఫటికాల సౌష్ఠవానికీ అయస్కాంత గుణాలకూ ఉన్న సంబంధం మీద ఆయన చేసిన కృషి ప్రసిద్ధం. 1987 నాటికి ఆ కుర్చీలో సి.ఎన్.ఆర్. రావు ఉన్నారు. బెంగళూరులోనే పుట్టిన రావు ఆక్సైడుల రసాయన శాస్త్రాన్ని జీవితకాలపు పనిగా ఎంచుకున్నారు. ఆయన, పి. గంగూలీ కలిసి 1973లోనే ప్రచురించిన ఒక పరిశోధన ఇందుకు సాక్ష్యం. బెడ్నోర్జ్, ముల్లర్‌ల పదార్థానికి ఏ స్ఫటిక నిర్మాణం ఉందో, అదే నిర్మాణమున్న ఆక్సైడులలో విద్యుత్ ఎలా ప్రవహిస్తుందన్నది దాని విషయం. కొత్త అతివాహకపు కుటుంబంతో బెంగళూరుకు పద్నాలుగేళ్ల ముందే చుట్టరికం ఉందన్నమాట. అందుకే 1987లో అక్కడ ఎవరూ అ ఆల దగ్గర మొదలుపెట్టాల్సిన అవసరం రాలేదు.

తయారీకి బ్రహ్మాండమైన యంత్రాలు అక్కర్లేదు. యిట్రియం ఆక్సైడు, బేరియం కార్బనేటు, రాగి ఆక్సైడు పొడులను తూచి కల్వంలో మెత్తగా నూరతారు. 900 డిగ్రీలు దాటిన కొలిమిలో గంటల తరబడి కాలుస్తారు. తీసి మళ్లీ నూరి మళ్లీ కాలుస్తారు. బిళ్లగా అదిమి ఆక్సిజన్ పారించి మెల్లగా చల్లారుస్తారు. చివరి మెట్టులో తొందరపడితే ఆక్సిజన్ చాలదు, బిళ్ల అతివాహకం కాదు. ఆ నెలల్లో టోక్యో నుంచి బీజింగ్ దాకా, హ్యూస్టన్ నుంచి బెంగళూరు దాకా రాత్రంతా కొలిమిని కనిపెట్టుకుని ఉండటమే శాస్త్రవేత్తల దినచర్య.

నలుపు పదార్థంలో యిట్రియం ఒక పాలు, బేరియం రెండు, రాగి మూడు. ఒకటి, రెండు, మూడు అన్న ఈ పొందికను గుర్తించిన తొలి ప్రకటనల్లో రావు, గంగూలీ, ఎ.కె. రాయచౌధురి, సహచరులు రాసిన పత్రమూ ఉంది. 1987 నేచర్ పత్రికలో అది వచ్చింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాల, వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థ అదే కాలంలో అదే చోటికి చేరాయి. కేంద్ర ప్రభుత్వం అతివాహకత కోసం ప్రత్యేక జాతీయ కార్యక్రమాన్నే మొదలుపెట్టింది. ముంబయి, ఢిల్లీ, మద్రాసు, కల్పాక్కంలలోనూ బృందాలు పనిలోకి దిగాయి. 1994లో ముంబయి టాటా పరిశోధన సంస్థ బృందం నికెల్, బోరాన్, కార్బన్‌లున్న కొత్త అతివాహక కుటుంబాన్నే కనిపెట్టింది.

ఇక ఆకుపచ్చ పదార్థం మాటేమిటి? దానిలో యిట్రియం రెండు పాళ్లు, బేరియం ఒకటి, రాగి ఒకటి. అది అతివాహకం కాదు. నలుపును శుద్ధి చేయాలంటే దాన్ని వదిలించుకోవాలి. 1987లో ప్రతి ప్రయోగశాలా ఆ పనే చేసింది. రెండు మూడేళ్లు గడిచేసరికి జపాన్‌లో మసాతో మురకామి బృందం దానికి ఎదురుదారి పట్టింది. బిళ్లను కరిగించి మళ్లీ స్ఫటికంగా పెంచుతూ, తీసేసిన పచ్చ పదార్థాన్నే సన్నని రేణువులుగా నలుపంతటా చల్లింది. అయస్కాంత దారాలను కట్టేయడానికి ఆ రేణువులు చక్కగా పనికొచ్చాయి. అలా చేసిన నల్లబిళ్లల మీద అయస్కాంతపు పీఠం వేసి ఒక సుమో మల్లుణ్ణి నిలబెడితే, ఆ భారీకాయుడు నేలకు తగలకుండా గాలిలో నిలిచాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఈ చరిత్రలో మనం గుండెకు హత్తుకోవలసిన పాఠం ఇదే. శుద్ధ లోహం ఒక సత్యాన్ని చూపింది, మలినం దాన్ని మనిషికి పనికొచ్చేలా చేసింది. లెక్కకు కుదరని పదార్థాన్ని చెత్త అనకుండా దాని మాట వినమని షుబ్నికోవ్ 1937కు ముందే ఫలితాలతో చెప్పాడు. విననందుకు ఈ శాస్త్రం ఇరవై ఏళ్లు మూల్యం చెల్లించింది.

బలసముద్రం పక్కన

ఇప్పుడు మన నేలకు వద్దాం. పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా ఆంధ్ర సరిహద్దే. ఇళ్లలో వినిపించేది ఎక్కువగా తెలుగే. వేరుశనగ వేసి మబ్బుకేసి చూడటం ఇక్కడి రైతుకు తరతరాల అలవాటు. బలసముద్రం, తిరుమణి, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల రైతుల దగ్గర ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు లెక్కన భూములు తీసుకుని సుమారు 13,000 ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు కట్టారు. 2018 మార్చి 1న ప్రారంభమైంది. 2019 చివరికి దాని సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది.

ఆ పలకలన్నీ పొద్దు గుంకగానే ఆగిపోతాయి. మనకు కరెంటు ఎక్కువ కావలసింది సరిగ్గా అప్పుడే. మేఘం అడ్డొస్తే నిమిషాల్లో ఉత్పత్తి పడుతుంది, తొలగితే నిమిషాల్లో లేస్తుంది. ఈ ఎగుడుదిగుళ్లను సర్దడానికి తేలే అయస్కాంతాన్ని వాడి చూశారు. జపాన్‌లోని యమనాషిలో కొమెకురయామా సౌర విద్యుత్ కేంద్రం దగ్గర 2015లో రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ, ఫురుకావా ఎలక్ట్రిక్, మరికొన్ని సంస్థలు కలిసి ఒక చక్రాన్ని నిలబెట్టాయి. కార్బన్ నారతో చేసిన ఆ చక్రం బరువు 4 టన్నులు, వెడల్పు 2 మీటర్లు. ఎండ ఎక్కువున్నప్పుడు మిగులు కరెంటుతో అది వేగంగా తిరిగేది. కావలసినప్పుడు ఆ వేగాన్నే కరెంటుగా తిరిగి ఇచ్చేది. అంత బరువును మామూలు బేరింగు మోస్తే రాపిడికి శక్తి కరిగిపోతుంది, బేరింగు అరిగిపోతుంది. ఇక్కడ మోసేది అతివాహకం. చక్రం దేన్నీ తాకదు.

లెక్క కూడా నిజాయితీగా చూసుకోవాలి. ఆ చక్రం ఇవ్వగలిగింది 300 కిలోవాట్లు, దాచుకోగలిగింది 100 యూనిట్లు. పూర్తి బలంతో ఇస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. 2,050 మెగావాట్ల పార్కుకు సరితూగాలంటే అలాంటివి 6,800కు పైగా కావాలి. రాత్రంతా ఊళ్లకు వెలుగివ్వడం దాని వల్ల కాదు. మేఘాల వల్ల వచ్చే క్షణాల ఒడిదుడుకులను సర్దడం దాని వల్ల అవుతుంది. చలిని నిలబెట్టడానికి అయ్యే ఖర్చే ఇంకా పెద్ద అడ్డు. అయినా ఇది ఆశపడదగిన దారే. కల్వంలో నూరిన పొడి నుంచి 4 టన్నుల చక్రాన్ని మోసే బేరింగు దాకా రావడానికి పట్టింది 28 ఏళ్లే. బలసముద్రం బడిలో చదివే పిల్లలు పెద్దయ్యే లోపు ఈ దారి ఇంకెంత దూరం వెళ్తుందో నిర్ణయించేవాళ్లలో వాళ్లూ ఉండాలి. అందుకు వాళ్ల భాషలో ఈ కథ చెప్పడం మన బాధ్యత.

చలి అసలు అక్కర్లేకపోతే? మామూలు గది వేడిమిలోనే పనిచేసే అతివాహకం దొరికితే పై లెక్కలన్నీ తిరగరాయాల్సిందే. ఆ ఆశ 2018లో బెంగళూరు విజ్ఞాన సంస్థలోనే మరోసారి రగిలింది. వెండి, బంగారు నానో రేణువుల్లో అతివాహకత కనిపించిందని ఒక ప్రకటన వెలువడింది. దాని గ్రాఫుల్లో ఒకే తీరు గీతల అలజడి రెండు చోట్ల ఎలా వచ్చిందని అమెరికాలో ఒక శాస్త్రవేత్త అడిగాడు. 2023 జులైలో దక్షిణ కొరియా నుంచి ఎల్‌కే 99 అనే పదార్థం వార్తల్లోకెక్కింది. ఒక అంచు అయస్కాంతానికి ఆని సగం లేచిన ముక్క వీడియోను కోట్లమంది చూశారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాన్ని తయారుచేసి పరీక్షించి కాదని తేల్చింది. నిజంగా తేలడానికీ తేలినట్టు కనిపించడానికీ తేడా ఎలా పట్టుకోవాలి? మైస్నర్ 1933లో వేసిన ప్రశ్నే ఇలాంటి పొరపాట్లను ఎలా వడకట్టింది? గది వేడిమి అతివాహకం వేట, దాని గెలుపోటములు, బెంగళూరు ప్రకటన చుట్టూ నడిచిన వాదోపవాదాలు వచ్చే భాగంలో.